మూడుసార్లు ‘చాలు’ అన్నా ఆగని పప్పు: కడప పాత బస్టాండు దగ్గరి ఒక మెస్సు

ఈ మెస్సుకు బోర్డు లేదు. ఉండుంటే మొదటి వాక్యంలోనే పేరు రాసేవాణ్ణి. కడప పాత బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో, రెండు చెప్పుల అంగళ్ళ మధ్య ఒక సందు ఉంది. సందు చివర నల్ల నాపరాయి గడప, లోపల ఎనిమిది బల్లలు, బల్లల మీద కూడా అదే రాయి. మధ్యాన్నం పన్నెండుకు వడ్డన మొదలవుతాది. మూడున్నరకు సంగటి కుండ అడుగు కనపడతాది, అంతటితో సరి. రాత్రిపూట కుష్కా (ముక్కల్లేని బిర్యానీ అన్నం), షేర్వా (దానికి పోసుకునే పులుసు) పెడతారు. నేను తినేది మధ్యాన్నమే గాబట్టి దాని గురించే రాస్తాను.

నేను ఆర్టీసీలో 31 ఏండ్లు కండక్టరుగా చేసి రిటైరైనాను. బెంగళూరు, మద్రాసు, రాయచోటి, బద్వేలు, జమ్మలమడుగు, నేను టికెట్టు కొట్టని రూటు మా జిల్లాలో తక్కువ. అన్నేండ్లూ బయట తిండే. కాబట్టి తిండి గురించి నేను చెప్పే మాట కొంచెం నమ్మొచ్చు. అయితే ఈ మెస్సు గురించి తిండి ఒక్కటే రాసి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఇక్కడ వండేవాళ్ళకు, వడ్డించేవాళ్ళకు, తినేవాళ్ళకు మధ్య నాలుగైదు భాషలు తిరుగుతా ఉంటాయి. ఒకరి నోట్లో ఒకటైన మాట ఇంకొకరి చెవిలో ఇంకొకటి అవుతాది. దాన్ని వీళ్ళు ఎట్ల సర్దుకున్నారో కండ్లారా చూసినాక నాకు ఈ చోటంటే గౌరవం పుట్టింది.

ముందు తిండి. ఇక్కడి రాగి సంగటిని కడపలో నేను తిన్నవాటిలో పై వరసలో పెడతాను. బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి పోసి, మూతబెట్టి, ఆవిరికి పిండి మగ్గేదాకా ఆగి, అప్పుడు కట్టెతో గెలుకుతారు. అంతా ఆ ఆగడంలోనే ఉంది. తొందరపడితే ముద్దలో పచ్చిపిండి ఉండలు మిగులుతాయి. రెండేండ్లుగా తింటాండా, నాకు ఇక్కడ ఒక్క ఉండ తగల్లేదు. ముద్ద వేలికి అంటదు, గొంతులో ఆగదు. దానికి తోడు పుల్లగూర, ఎనిపిన పప్పు, చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి అనే పచ్చడి, చివర మజ్జిగ. ఊరిబిండి మాత్రం ప్రత్యేకంగా చెప్పాల. ఒక అవ్వ పొద్దున్నే రోటి ముందర కూర్చొని నూరుతాది. చెనిగ్గింజలు పూర్తిగా మెదగనీదు. సగం పిండి, సగం పలుకు. పలుకు పంటికింద నలిగినప్పుడు వేయించిన వాసన వస్తాది, ఆ వెనకాలే ఎండుమిరపకాయ మంట నాలిక అంచుకు పాకుతాది. ఇదంతా 80 రూపాయలు, ఎంత తింటే అంత. నాటుకోడి పులుసు కావాలంటే ఇంకో 120.

ఎంత తింటే అంత పెట్టే చోట విస్తరి ముందర కూర్చున్నోనికి నోట్లో ఉండాల్సిన మాట ఒకటే, చాలు. కథంతా ఆ మాటతోనే మొదలైంది.

ఆరు నెలల కిందట వడ్డించడానికి ఒక కొత్త పిల్లోడు వచ్చినాడు. బీహారు, దర్భంగా దిక్కు. పంతొమ్మిది ఇరవై ఏండ్లుంటాయి. వచ్చి రెండో దినమో మూడో దినమో. నా విస్తరిలో ముద్ద పెట్టి, నడుమ గుంత చేసి పప్పు పోస్తాండాడు. రెండు గంటెలు పడింది. ‘చాలు’ అన్నాను. ఇంకో గంటె పడింది. ‘చాలు, చాలు’ అన్నాను. వాడు నా మొగం చూసి నవ్వి, బకెట్టు ఇంకా దగ్గరికి జరిపి గబగబా మరో రెండు పోసినాడు. పప్పు ముద్ద చుట్టూ తిరిగి, ఊరిబిండిని ముంచి, విస్తరి అంచు దాటి, బల్ల మీది రాతిపైన పారి నా పంచె మీదికి దిగింది. పొగలు కక్కే పప్పు. నేను లేచి నిలబడినాను. వాడు బకెట్టు పట్టుకొని బిక్కచచ్చి చూస్తాండాడు. ఏం తప్పు చేసినాడో వానికి తెలీదు.

తప్పు చెయ్యలేదు కూడా. వాళ్ళ హిందీలో ‘చాలూ’ అంటే నడుస్తా ఉండేది, ఆగకుండా సాగేది. ఫ్యాను చాలూ, మోటరు చాలూ, అంగడి చాలూ. నేను చాలు అన్న ప్రతిసారీ వానికి ‘కానీ, కానీ’ అని వినపడింది. గట్టిగా అన్న కొద్దీ ఆకలి ఎక్కువున్న మనిషి అనుకొని ఎక్కువ పోసినాడు. ఆపమని నేను చెప్పే మాట, పొయ్యమని వానికి ఆజ్ఞ. ఒక్క అక్షరం మారలేదు, చివర దీర్ఘం ఒకటే తేడా. విసుగుతో పలికితే మనమూ ఆ దీర్ఘం తీస్తాము.

ఈ మెస్సు నడిపే ఆమెను అందరూ ఆపా అంటారు. అరవై దాటిన మనిషి. గల్లాపెట్టె ముందర కూర్చొని ఉండే ఆమె లేచి వచ్చి, ముందు నా కాలు కాలిందేమో చూసి, చెంబుతో నీళ్ళు పోసి, తర్వాత వాని దిక్కు తిరిగింది. అరుస్తాదని నేను అనుకున్నా. అరవలేదు. నా ఎదురు బల్ల దగ్గర తనే కూర్చొని, ఖాళీ విస్తరి ముందర పెట్టుకొని, అరచెయ్యి దాని మీద అడ్డంగా పెట్టి చూపించింది. ‘బాత్ నక్కో సున్, హాత్ దేఖ్’ అనింది. మాట వినొద్దు, చెయ్యి చూడు అని. వాని చేతికి ఖాళీ గంటె ఇచ్చి నాలుగుసార్లు పోయించి, ఒక్కోసారి ఒక్కో చోట చెయ్యి అడ్డం పెట్టింది. వాడు నాలుగుసార్లూ సరిగ్గా ఆపినాడు. ఆ పొద్దు నుంచి ఈ మెస్సులో వడ్డించేవాళ్ళ చూపు మన మొగం మీద ఉండదు, చేతి మీద ఉంటాది. కొత్తగా పోయినోళ్ళు దాన్ని పొగరు అనుకోవద్దు.

(ఆమె అన్న ‘నక్కో’ మన కడప ఉర్దూలో రోజూ వినే మాటే. వద్దు అని. తెలుగులో నక్కడమంటే దాక్కోవడం. మా చిన్నప్పుడు సాయిబుల ఇండ్ల పిల్లోళ్ళతో ఆడేటప్పుడు ‘నక్కో నక్కో’ అని వాళ్ళు వద్దంటాంటే మేము పోయి గోడ చాటున దాక్కునేవాళ్ళం.)

చాలు అనే మాటతో నాకు ముందునుంచే ఒక లెక్క ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బెంగళూరు నుంచి వస్తాంటే చింతామణిలో ఒక కన్నడాయన ఎక్కినాడు. ఆయనకు నాలుగు రూపాయలు చిల్లర ఇవ్వాల. సంచిలో మూడే ఉన్నాయి. మూడు చేతిలో పెట్టి, ‘ఇంకో రూపాయి దిగేటప్పుడిస్తా’ అంటి. ఆయన ‘సాకు’ అన్నాడు. మనకు సాకు అంటే తప్పించుకోడానికి చెప్పే వంక. నలుగురిలో నన్ను దొంగను చేసినాడని నాకు మంట పుట్టింది. ‘రూపాయికి సాకులు చెప్పే గతి నాకు పట్టలేదు’ అని గట్టిగా అనేసినాను. ఆయనకు నా తెలుగు పూర్తిగా అర్థమైందో లేదో గానీ గొంతు అర్థమైంది. మాట్లాడకుండా కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు. వెనక సీట్లో ఉండే ఆడమనిషి, మదనపల్లె ఆమె, అప్పుడు చెప్పింది: ‘నాయనా, సాకు అంటే కన్నడంలో చాలులే అని. ఆ రూపాయి నువ్వే ఉంచుకో అన్నాడు ఆయన.’ కడపలో దిగేటప్పుడు రూపాయి చేతిలో పెట్టబోయినా. తీసుకోలేదు. ‘సాకు’ అనే అన్నాడు మళ్ళీ, ఈసారి చెయ్యి ఊపుతా. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడతాది.

కన్నడం మనకు దాయాది భాష. అందులోనే ఇంత. తమిళమూ అంతే. పోయిన నెల మద్రాసు దిక్కు నుంచి పెద్ద దర్గాకు వచ్చిన ముసలి దంపతులు ఈ మెస్సుకొచ్చినారు. వడ్డించే పెద్దాయన మన తెలుగాయనే, ఇంకో ముద్ద పెట్టబోతే ఆ తల్లి ‘పోదుం, పోదుం’ అనింది. తమిళంలో చాలు అని. పెద్దాయనకు ‘పోదాం, పోదాం’ అని వినపడింది. తొందరలో ఉన్నారేమో అనుకొని బిల్లు తెచ్చిచ్చినాడు. వాళ్ళు మజ్జిగ తాగకుండానే లేచినారు. ఆపా గల్లా దగ్గర డబ్బులు తీసుకోబోతా, వాళ్ళ బల్ల మీద మజ్జిగ గ్లాసులు లేవని గమనించి, తిరిగి కూర్చోబెట్టింది. మజ్జిగ అయినాకనే డబ్బులు తీసుకుంది. నేను చాలా హోటళ్ళలో తిన్నాను. డబ్బులు ఇస్తాంటే ఆపి, మీకు రావాల్సింది ఇంకొకటి మిగిలిందని చెప్పిన చోట్లు నా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంక ఉర్దూలో చాలు అంటే బస్. పారశీకం నుంచి వచ్చిన మాట. 31 ఏండ్లు నేను ఎక్కి దిగిన బస్సుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. రిటైరైనాక ఈ సంగతి తెలుసుకొని నేను ఒక రాత్రి నిద్రపోలేదంటే నమ్మండి. లాటిన్‌లో ‘ఓమ్నిబస్’ అంటే అందరి కోసం అని. 1820ల దశకంలో ఫ్రాన్సులో, డబ్బులిచ్చిన ఎవరైనా ఎక్కే గుర్రపు బండికి ఆ పేరు వచ్చింది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు ముందుభాగం కోసేసి తోక ఒకటి ఉంచుకున్నారు. ఆ తోకకు సొంతంగా అర్థమే లేదు. మన ‘కొరకు’, ‘కై’ మాదిరి విభక్తి, అంతే. అంటే ఇన్నేండ్లు నేను ఉద్యోగం చేసింది ఒక ‘కొరకు’లో. ఎవరి కొరకో చెప్పే ముక్క ఊడిపోయింది గానీ పని మాత్రం అదే, అందరి కొరకు.

మొన్న ఒక దినం తిని చెయ్యి కడుక్కుంటాంటే ఆ దర్భంగా పిల్లోడు వాకిట్లోంచి ‘తాతా, బస్ చాలూ!’ అని కేకేసినాడు. మా ఊరి బస్సు ఇంజను ఆన్ చేసినారని వాని మాట. తెలుగు చెవికి ఒక్క బస్సుంటే చాలు అని వినపడతాది. మొదటిది ఉర్దూ, రెండోది తెలుగు అనుకుంటే చాలు చాలు. నేను ఆ మూడూ ఒకేసారి విన్నాను. బస్సు అందింది.

ఈ మాటల పిచ్చి నాకు పట్టింది ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయంలో. టౌనుకు వచ్చిన రోజు పొద్దున అక్కడ, మధ్యాన్నం ఈ మెస్సులో, అది నా అలవాటు. 1820లో కంపెనీ కొలువులో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత డబ్బులతో జీతాలిచ్చి, తాళపత్రాలు సరిచూపించిన చోటే అది. ఆయన తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. అంతకన్నా నాకు ఇష్టమైంది 1854లో వచ్చిన ఇంకొకటి. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారశీకం, ఇంగ్లీషు మాటలకని విడిగా చేసిన నిఘంటువు. సర్కారు కచేరీ కాగితంలో ఉన్న మాట యాడిదో తెలియకపోతే రైతు పొలం పోతాదని తెలిసిన మనిషి చేసిన పని అది. ఆయన ఉండుంటే ఈ మెస్సులో ఒక బల్ల ఆయనకే అని నా మనసులో ఉంది.

మన నోరు పలికే శబ్దాలు కొన్నే, చెప్పాల్సిన సంగతులు మాత్రం లెక్కలేనన్ని. రెండక్షరాల మాటలు అక్కడక్కడా గుద్దుకోక తప్పదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ దిక్కున మ్బబరం అనే ఆదివాసుల భాష ఒకటి ఉండేది. అందులో కుక్కను ‘డాగ్’ అనే అంటారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, వాళ్ళ పాత మాటే అట్ల అరిగి అట్ల మిగిలింది. శబ్దం ఒకటే, అర్థం కూడా ఒకటే, అయినా చుట్టరికం లేదు. అందుకే ఒక్క మాట పోలిక చూసి భాషలకు బంధుత్వం కట్టకూడదు. 1816లోనే మద్రాసు కలెక్టరుగా ఉండిన ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒక కుదురువని చూపించింది ఒక మాటతో కాదు, ధాతువులు వరసలు వరసలుగా పక్కపక్కన పెట్టి. మన మూడు, కన్నడం మూరు, అరవం మూణు: మొగాలు వేరు, రక్తం ఒకటే. మన చాలు, వాళ్ళ చాలూ: మొగం ఒకటే, రక్తం వేరు. హిందీది నడకకు సంబంధించిన చల్ అనే మాట నుంచి వచ్చింది. మనది సరిపోవడం. అందులోంచే మన ‘చాలా’ కూడా పుట్టింది.

వంటింటి సంగతికి వస్తాను. ఒకసారి పక్క బల్లాయన అన్నం తింటా ‘రాయి, రాయి’ అని నోరు పట్టుకున్నాడు. పలుకురాయి పంటికింద పడింది. మన పిల్లోడు ఉరికిపోయి గిన్నెలో ఆవాలు తెచ్చినాడు. హిందీలో రాయీ అంటే ఆవాలు. ఎందుకు అడిగినాడో అర్థం కాకపోయినా, అడిగినాడు గదా అని తెచ్చినాడు. ఆయన కోపంగా ఉన్నోడు ఆ గిన్నె చూసి చల్లబడినాడు. ఆ మధ్యాన్నమే ఆపా పనివాళ్ళను ఇద్దర్ని కూర్చోబెట్టి మూట బియ్యం మళ్ళీ ఏరించింది. తర్వాత నాకు ఒక్క రాయి తగల్లేదు.

దానికన్నా పెద్దది తేలు సంగతి. అప్పుడు నేను లేను, ఆపా చెప్పింది. ఎండాకాలం, పదకొండు గంటలప్పుడు. పిల్లోడు కాగే నూనె బాండలి దించుతాంటే ఒక పక్క ఒరిగింది. ‘తేల్! తేల్ గిరా!’ అని అరిచినాడు. నూనె పడింది అని. రోటి దగ్గర అవ్వకు హిందీ రాదు. నల్లరాళ్ళ సందుల్లో తేళ్ళు తిరిగే ఊరు మనది, ఎండాకాలం మరీ. ఆమెకు తేలు అనే మాట ఒకటే వినపడింది. వినపడ్డంతనే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి రోటి గట్టు మీదికి ఎక్కేసింది. మరుక్షణం నూనె ఆమె కూర్చున్న పీట కిందికి పారింది. వాడు సరైన తెలుగులో ‘నూనె పడింది’ అనుంటే ఆమె తుడిచే గుడ్డ కోసం ఆ పక్కకే వంగేది. చెప్తాంటే ఆపా గొంతు వణికింది. అవ్వ మాత్రం ఇప్పటికీ అది తేలే అంటాది. నన్ను కాపాడింది అంటాది.

వండే ఆయన ఆపా తమ్ముడు. కువైట్‌లో పద్నాలుగేండ్లు ఒకరింట్లో వంట చేసి వచ్చినాడు. మన జిల్లాలో గడపకొకరు పోయొచ్చినోళ్ళే గదా. ఆయన చెప్పే కువైట్ కథల్లో నాకు ఇష్టమైంది ‘ఇంత’. అరబ్బీలో ఇంత అంటే నువ్వు. పోయిన కొత్తలో, గిన్నెలో అన్నం చూపించి ‘ఇంతా?’ అని వాళ్ళింటి ముసలాయన్ను అడిగినాడంట, ఇంత సరిపోతాదా అని. ఆయన ‘నువ్వా?’ అని వినుకొని, నువ్వు తిన్నావా అని అడుగుతాండాడనుకొని, పక్కన కూర్చోబెట్టుకొని తినిపించినాడంట. అట్లనే అన్నా అని పిలిస్తే వాళ్ళకు ‘అనా’, నేను అని వినపడేదంట. ‘అన్నీ తిరగబడినాయి గానీ బస్ ఒక్కటే నా వెంట వచ్చిందన్నా. అక్కడ కూడా బస్ అంటే చాలనే’ అంటాడు. ఆ పద్నాలుగేండ్లలో కుటుంబాన్ని చూసింది ఎన్నిసార్లో ఆయన చెప్పడు, నేను అడగను. కోడి పులుసులో గసగసాలు తగ్గించి ధనియాలు వేయించి నూరేది ఆయన పద్ధతి. చిక్కదనం వస్తాది, మత్తు రాదు.

ఆపా అనే పిలుపుకు కూడా ఒక కథ ఉంది. ఉర్దూలో ఆపా అంటే అక్క. సిమెంటు లోడుకు వచ్చే కన్నడ లారీ డ్రైవరొకాయన వారం దినాలు చూసి, ఉండబట్టలేక నన్నడిగినాడు: ‘ఆ తల్లిని అందరూ అప్పా అంటారేం?’ వాళ్ళకు అప్ప అంటే నాయన. కొరియా వాళ్ళకు కూడా నాయనేనంట, మా మనవరాలు చెప్పింది. నేను ఆయనకు అక్క అని చెప్పినాను. ఆయన కొంచేపు ఆలోచించి, ‘మొగుడు పోయినాక ఇల్లు నడిపినామెకు అదీ సరిపోతాది’ అన్నాడు. ఆయన ఆ తర్వాత కూడా అప్పా అనే పిలుస్తాడు, తెలిసే.

మన ఊరి పేరే చూడండి. తెలుగులో గడప, తిరుమలకు గడప, దేవుని గడప. బొంబాయి దిక్కు పోతే కడప్పా అంటే ఊరు కాదు, వంటింటి గట్టు మీద పరిచే నల్లరాయి. ఒక మరాఠీ డ్రైవరు ఈ మెస్సులోనే బల్ల మీద అరచేత్తో తట్టి ‘కడప్పా!’ అన్నాడు, ఇంటి మనిషిని గుర్తుపట్టినట్టు. ఊరి పేరు కూడా అదేనని చెప్తే నమ్మలేదు. బయటికి తీసుకుపోయి అంగడి బోర్డు మీద చూపించినా. ఇంక భూమి పొరలు చదివే శాస్త్రజ్ఞులకు కడప అంటే ఊరూ కాదు, గట్టూ కాదు. వంద కోట్ల ఏండ్లకు పైబడిన రాళ్ళు పేరుకున్న పెద్ద పళ్ళెం. మనం ఆ పళ్ళెంలో కూర్చొని సంగటి తింటాండాము.

లోపాలు కూడా చెప్పాల. చెయ్యి కడిగే చోట కొళాయి ఒకటే, ఒంటిగంటకు అక్కడ వరస నిలబడతాది, నేల నున్నటి రాయి గాబట్టి జారుతాది. వయసైనోళ్ళు గోడ పట్టుకొని నడవండి. శుక్రవారం రోటి అవ్వ రాదు. ఆ రోజు ఊరిబిండి మిక్సీలో వేస్తారు. చెనిగ్గింజ పూర్తిగా మెత్తబడి జిగురు తేలుతాది, మంట ఉంటాది గానీ ఆ పలుకు ఉండదు. నేను శుక్రవారం పోను. కోడి పులుసు ఒంటిగంటన్నరకల్లా అయిపోతాది, ఆలస్యంగా పోయి అడిగి బాధపడొద్దు. ఫోన్లో డబ్బులు పంపొచ్చు, కానీ సందులో సిగ్నలు సరిగ్గా అందదు, చిల్లర తీసుకొనిపోండి. ఇంకొకటి, మూల బల్లకు ఫ్యాను తగలదు. ‘గాలి లేదు’ అని ఆపా ముందర గట్టిగా అనొద్దు, ఉర్దూలో గాలీ అంటే తిట్టు. ఆమెకు తెలుగు నాకన్నా బాగా వస్తాది, తప్పు పట్టదు. కొత్తగా వచ్చే వాళ్ళ చుట్టాలు మాత్రం తల ఎత్తి చూస్తారు.

పోయిన మంగళవారం పోయినాను. దర్భంగా పిల్లోడు ఇప్పుడు తెలుగు నేర్చుకుంటాండాడు. పప్పు రెండు గంటెలు పోసి, గంటె ఎత్తిపట్టి, ‘చాలా తాతా?’ అన్నాడు. సరిపోయిందా అని. ఎంత చక్కగా అన్నాడో. నేను అరచెయ్యి అడ్డం పెట్టినాను. నా పక్కన కొత్తగా వచ్చినాయన, ప్రొద్దుటూరాయన, ఆయన్ను కూడా ‘చాలా?’ అని అడిగినాడు. ఆయన ‘చాలా వద్దప్పా, కొంచెం’ అన్నాడు. ఎక్కువ పొయ్యమంటావా అని అడిగినట్టు ఆయనకు వినపడింది. ఈసారి మధ్యలో హిందీ లేదు, ఉర్దూ లేదు, అడిగిందీ తెలుగే, విన్నదీ తెలుగే. పిల్లోడు ఆ మాట వినలేదు. ఆయన చేతిని చూసినాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ అంగుళం సందు. అర గంటె పోసి, బకెట్టెత్తుకొని తర్వాతి విస్తరికి పోయినాడు.